సంతకం పెట్టేముందు చదివామా?

(యువ న్యాయవాదుల శిక్షణ తరగతిలో ఒక సీనియర్ న్యాయవాది మాట్లాడింది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నాకు ఇచ్చిన టాపిక్ న్యాయవాద వృత్తి, కృత్రిమ మేధ. చాలా పెద్ద టాపిక్ అండి. గంటలో అయ్యేది కాదు, అంతా తెలిసినవాణ్ణీ కాదు. అందుకని దాంట్లోంచి ఒక్క ముక్క తీసుకుంటున్నా. సంతకం. మనం కోర్టులో వేసే ప్రతి కాగితం కింద పెట్టే సంతకం. ఇవాళ నేను చెప్పేదంతా దాని గురించే, ఏఐ అనేది మధ్యలో వచ్చిపోతుంది.

మొదట ఒక మోకాలి కథ చెప్తా. 2019లో ఎల్ సాల్వడార్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో ఒక ప్రయాణికుడి మోకాలికి, సిబ్బంది తోసుకుంటూ వెళ్ళే ఇనప బండి తగిలింది. ఆయన ఎయిర్‌లైన్స్ మీద కేసు వేశాడు. ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఏమన్నారు? లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, అయిపోయింది, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, దాని ప్రకారం రెండేళ్ళలో దావా వెయ్యాలి, మీరు వెయ్యలేదు కాబట్టి కొట్టెయ్యండి అన్నారు. చాలా మామూలు వాదన. ఇక్కడున్న వాళ్ళలో లిమిటేషన్ వాదన వినని జూనియర్ ఉండరు.

దానికి ప్రయాణికుడి లాయర్లు 2023 మార్చి 1న జవాబు వేశారు. అందులో బోలెడన్ని తీర్పులు. ఒకటి వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్. వినడానికి ఎంత బావుందో చూడండి. పేరు ఉంది, ఎయిర్‌లైన్స్ ఉంది, వాల్యూమ్ నంబర్ ఉంది, పేజీ ఉంది, ఏ సర్క్యూట్ కోర్టో, అంటే అక్కడి ఏ అప్పీల్ కోర్టో ఉంది, ఏ సంవత్సరమో ఉంది. ఒక్కటే లేదు. ఆ కేసు లేదు.

అవతలి పక్షం లాయర్లు వెతికారు, దొరకలేదు. దొరకలేదని మార్చి 15న కాగితం మీద పెట్టి మరీ కోర్టుకి చెప్పారు. జడ్జి కెవిన్ కాస్టెల్ గారు కూడా వెతికారు, ఆయనకీ దొరకలేదు. సరే ఆ తీర్పుల కాపీలు తెచ్చివ్వండి అని ఏప్రిల్‌లో ఆర్డర్ వేశారు. ఇక్కడే నన్ను బాధపెట్టే విషయం ఉంది, జాగ్రత్తగా వినండి. కాపీ తెమ్మన్నప్పుడు ఆ లాయర్ ఏం చెయ్యాలి? లైబ్రరీకి వెళ్ళాలి, లేదా డేటాబేస్ తెరవాలి. ఆయన, ఆ తీర్పులు మొదట ఇచ్చిన ఏఐ టూల్ చాట్‌జీపీటీ దగ్గరికే మళ్ళీ వెళ్ళాడు. వర్గీస్ కేసు నిజమైనదేనా అని అడిగాడు. నిజమే అంది. ఫలానా ఫలానా డేటాబేసుల్లో దొరుకుతుంది కూడా అంది. మరి తీర్పు పాఠం ఇవ్వు అంటే, తీర్పు పాఠం కూడా రాసిచ్చింది! దాన్ని తీసుకెళ్ళి అఫిడవిట్‌కి జత చేసి కోర్టులో దాఖలు చేశారు. ఆ పాఠం చదివిన జడ్జి, ఇందులో న్యాయ విశ్లేషణ అర్థం పర్థం లేకుండా ఉంది అని తర్వాత తన ఆర్డర్లో రాశారు. అంటే ఏంటి? ఎవరైనా ఒక్కసారి కూర్చుని చదివుంటే తెలిసిపోయేది. దాఖలు చేసే ముందు ఎవరూ అలా కూర్చుని చదవలేదు.

ఇంకో విషయం, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. రీసెర్చ్ చేసిన లాయర్ ఒకరు, సంతకం పెట్టిన లాయర్ ఇంకొకరు. మొదటాయనకి ముప్పై ఏళ్ళ పైన ప్రాక్టీసు, కాకపోతే ఆ ఫెడరల్ కోర్టులో వాదించే అనుమతి లేదు. అందుకని అదే ఆఫీసులో అనుమతి ఉన్న రెండో ఆయన సంతకం పెట్టాడు. పాతికేళ్ళుగా ఎరిగిన మనిషి రాశాడు కదా అని పెట్టాడు. ఒక్క తీర్పు కూడా తెరిచి చూడలేదు. దాని తర్వాత కాపీలు ఇవ్వడానికి గడువు కావాలని అడిగినప్పుడు, సంతకం పెట్టే ఆయన తాను సెలవులో ఉన్నానని కోర్టుకి చెప్పాడు. సెలవులో ఉన్నది ఆయన కాదు, రాసినాయన. తీగ లాగితే డొంకంతా కదిలింది.

2023 జూన్ 22న ఆర్డర్ వచ్చింది. 5,000 డాలర్ల జరిమానా. దాంతోపాటు, ఆ లేని తీర్పులు రాసినట్టుగా ఏ జడ్జిల పేర్లు వాడారో ఆ జడ్జిలందరికీ ఉత్తరాలు రాసి ఈ ఆర్డర్ కాపీ పంపమన్నారు. మోకాలు దెబ్బతిన్న మనిషి కేసు? అదే రోజు కొట్టేశారు, లిమిటేషన్ మీదే. ఆ ఆర్డర్లో జడ్జిగారు ఏఐ వాడడం తప్పు అనలేదు, చాలామంది ఇది మర్చిపోతారు. టెక్నాలజీ వాడుకోవడంలో దానంతటదిగా తప్పేమీ లేదనే అన్నారు. అవతలివాళ్ళు దొరకలేదని చెప్పిన వెంటనే జరిగింది ఒప్పుకునుంటే సంగతి వేరేగా ఉండేదని కూడా రాశారు. ఆయన తప్పు పట్టింది బాధ్యత వదిలెయ్యడాన్ని, వదిలేశాక కూడా పట్టుకుని వేలాడడాన్ని.

మరి ఆ యంత్రం ఎందుకలా చేసింది? అబద్ధం ఆడిందా? నా దృష్టిలో ఆడలేదండి. అబద్ధం ఆడాలంటే ముందు నిజం తెలియాలి. అది చేసే పని ఏంటంటే, ఇప్పటిదాకా ఉన్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసి దాన్ని పెట్టడం, మళ్ళీ తర్వాతది పెట్టడం. లక్షల తీర్పులు చూసింది కాబట్టి సైటేషన్, అంటే తీర్పు ఎక్కడుందో చెప్పే వివరం, ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు. ఇటు ఒక పేరు, మధ్యలో వర్సెస్, అటు ఒక కంపెనీ, తర్వాత నంబర్లు, తర్వాత సంవత్సరం. ఆకారం వచ్చు. ఆ ఆకారం వెనక నిజంగా ఒక మనిషి, ఒక గొడవ, ఒక జడ్జి ఉన్నారా లేదా అన్నది దాని పని కాదు. మనం ఏం కావాలని అడుగుతామో అలాంటిదే ఇస్తుంది. మాకు అనుకూలంగా తీర్పు కావాలి అని అడిగారనుకోండి, అనుకూలంగానే ఉంటుంది, ఇంకేం. మన వాదనకి అచ్చు గుద్దినట్టు సరిపోయే తీర్పు ఎప్పుడైనా దొరికితే నా మట్టుకు నాకు భయం వేస్తుంది. నిజమైన తీర్పు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మనకి అడ్డం తగులుతుంది. ఫ్యాక్ట్స్ తేడాగా ఉంటాయి, ఒక పేరా మనకి అనుకూలం, తర్వాత పేరా వ్యతిరేకం. అలా అడ్డం తగలకపోతే అనుమానించండి.

ఇదంతా 2023 నాటి మాట, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా అంటారేమో. తెలిసిపోయింది. ఆగిందా మరి? డామియన్ షార్లొటాన్ అని ఫ్రాన్స్‌లో ఒక పరిశోధకుడు ఇలాంటి కేసుల్ని దేశదేశాల నుంచి పోగుచేసి జాబితా పెడుతున్నాడు, 2025లోనే అది వందల్లోకి వెళ్ళింది. అవి కూడా కోర్టులు పట్టుకుని ఆర్డర్లో రాసినవి మాత్రమే.

2025 ఫిబ్రవరిలో అమెరికాలోని వ్యోమింగ్‌లో ఏం జరిగిందో చూడండి. హోవర్‌బోర్డ్ అంటుకుని ఇల్లు తగలబడిన కుటుంబం, వాళ్ళ తరఫున పెద్ద లా ఫర్మ్. మోషన్లో, అంటే కోర్టుకి పెట్టుకున్న విన్నపంలో, తొమ్మిది తీర్పులు చూపించారు. తొమ్మిదిలో ఎనిమిది లేవు. వాడింది బయట దొరికే టూల్ కాదు, ఆ ఫర్మ్ తమ లాయర్ల కోసం సొంతంగా పెట్టుకున్నది. రాసినాయనకి 3,000 డాలర్లు వేశారు, ఆ కేసులో వాదించే అనుమతి తీసేశారు. సరే. కానీ ఆ కాగితం మీద ఇంకో ఇద్దరి సంతకాలున్నాయి. వాళ్ళు ఏఐ ముట్టుకోలేదు. ఆ మోషన్ దాఖలయ్యే ముందు చదవనే లేదు. పేరు ఉంది, సంతకం పడింది, అంతే. వాళ్ళకీ చెరో 1,000 డాలర్లు పడ్డాయి. అమెరికా సివిల్ ప్రొసీజర్లో రూల్ 11 అని ఒకటుంది, సంతకం పెట్టావంటే తగినంత విచారించి పెట్టావని అర్థం. మీరు ఎక్కడ ప్రాక్టీసు చేసినా ఈ అర్థంలో ఏదో ఒక నియమం ఉండే తీరుతుంది. వాడు రాశాడు నేను సంతకం పెట్టా అనేది జవాబు కాదు.

మీలో చాలామంది ఇప్పుడు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. సీనియర్ పొద్దున తొమ్మిదింటికి ఫైలు చేతిలో పెట్టి పదిన్నరకి దాఖలు చెయ్యమంటే ఏం చదువుతాం సార్ అని. అవును, నిజమే. దాని దగ్గరికే వస్తున్నా, ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

ముందు జడ్జిల సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే తప్పు మన బల్ల దగ్గరే ఆగలేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక విడాకుల కేసు. భార్యకి నోటీసు సరిగ్గా అందలేదన్నది గొడవ. కింది కోర్టు ఆమె పిటిషన్ కొట్టేసింది, కొట్టేస్తూ ఇచ్చిన ఆర్డర్లో రెండు తీర్పులు చూపించింది, ఆ రెండూ లేనివే. చూడబోతే ఆ ఆర్డర్ భర్త తరఫు లాయర్ తయారుచేసి ఇచ్చినట్టు ఉంది. అక్కడ గెలిచిన పక్షం ఆర్డర్ ముసాయిదా రాసివ్వడం, జడ్జి సంతకం పెట్టడం మామూలే. 2025 జూన్‌లో అప్పీల్ కోర్టు దాన్ని రద్దు చేసి ఆ లాయర్‌కి 2,500 డాలర్లు జరిమానా వేసింది. ఒక్కసారి ఆ భార్య వైపు నుంచి ఆలోచించండి. ఆమె ఓడిపోయింది. ఎందుకు ఓడిపోయావు అంటే, ఎవరూ ఎప్పుడూ చెప్పని ఒక తీర్పు వల్ల! ఆమె అప్పీల్ వేసుకుంది కాబట్టి బయటపడింది, వేసుకునే స్తోమత లేకపోయుంటే?

అదే సంవత్సరం న్యూజెర్సీలో ఒక ఫెడరల్ జడ్జి, మిసిసిపిలో ఇంకో ఫెడరల్ జడ్జి తాము ఇచ్చిన ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. తర్వాత వాళ్ళే రాసిచ్చారు, ఒకచోట ఇంటర్న్‌గా ఉన్న లా స్టూడెంట్, ఇంకోచోట జడ్జికి సాయపడే లా క్లర్కు, ముసాయిదాకి ఏఐ వాడారు, మామూలుగా చేసే పరిశీలన పూర్తికాకుండానే ఆర్డర్ బయటికి వెళ్ళిపోయిందని. ఇక్కడా అంతే, రాసింది ఒకరు, సంతకం ఒకరిది.

ఇంగ్లండ్‌లో ఇంకో రకం. ఖతార్ బ్యాంకు మీద వేసిన పెద్ద దావా, ఎనభై మిలియన్ పౌండ్ల పైన. 45 తీర్పులు చూపిస్తే అందులో 18 లేనే లేవు. ఎవరు వెతికారయ్యా అంటే, క్లయింట్. క్లయింటే ఏఐలో వెతికి లాయర్‌కి ఇచ్చాడు, లాయర్ దాన్నే కోర్టుకి ఇచ్చాడు. నాకు ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది. క్లయింట్ మన దగ్గరికి ఎందుకొస్తాడు? తనకి తెలియనిది మనకి తెలుసని. మనం ఆయన్నే అడిగి ఆయన చెప్పిందే తిరిగి కోర్టుకి చెప్తే, మధ్యలో మనం ఎందుకు? ఇంకా దారుణం, ఆ లేని తీర్పుల్లో ఒకటి ఆ కేసు వింటున్న జడ్జి డయాస్ గారి పేరు మీదే ఉంది. ఆవిడ ఇవ్వని తీర్పుని ఆవిడకే చూపించారు.

ఆ కేసునీ, దాంతోపాటు ఒక బారిస్టర్, అంటే కోర్టులో వాదించే లాయర్, ఐదు లేని తీర్పులు పెట్టిన ఇంకో కేసునీ కలిపి విని 2025 జూన్ 6న అక్కడి సీనియర్ జడ్జి డేమ్ విక్టోరియా షార్ప్ గారి బెంచ్ తీర్పు ఇచ్చింది. వీలైతే పూర్తిగా చదవండి. ఇలాంటిది కోర్టు ధిక్కారం కావచ్చు, మరీ ముదిరితే న్యాయప్రక్రియని దారి తప్పించిన నేరం కూడా కావచ్చని ఉంది అందులో. ఇంకోటి, నాకు బాగా నచ్చింది, ఇది కుర్ర లాయర్లకి మాత్రమే చెప్పేది కాదు, ఆఫీసులు నడిపేవాళ్ళు, పర్యవేక్షించేవాళ్ళు ఏం చర్యలు తీసుకున్నారో ఇకమీదట అడుగుతాం అంది.

అదిగో, పొద్దున తొమ్మిదింటికి ఫైలు ఇచ్చే సీనియర్ సంగతి. సీనియర్లు కూడా కొంతమంది వచ్చారు, వాళ్ళని చూసే చెప్తున్నా. జూనియర్‌కి సమయం ఇవ్వకుండా తీర్పులు తెమ్మనడం మన తప్పు. వాడు యంత్రాన్ని అడిగాడంటే, మనం వాణ్ణి యంత్రంలా చూశాం కాబట్టి. నేనూ అలాగే చేశాను. మా ఆఫీసులో ఒకమ్మాయి డ్రాఫ్ట్ తెచ్చింది, పదకొండు తీర్పులు. నాకు అలవాటు, ఏదో ఒకటి తీసి చూస్తా. ఏడోది చూపించమన్నా. తీర్పులు అచ్చేసే రిపోర్టు పుస్తకం తెరిచింది, ఆ వాల్యూమ్ ఉంది, ఆ పేజీ ఉంది. ఆ పేజీలో ఇంకేదో కేసు మధ్యలో నడుస్తోంది, ఎక్కడో ఒక అద్దె తగాదా. డ్రాఫ్ట్‌లో రాసిన కేసు పేరు ఆ వాల్యూమ్ మొత్తంలో లేదు. అమ్మాయి మొహం పాలిపోయింది. తిట్టలేదు నేను. ఎప్పుడు చేశావమ్మా ఇది అన్నా. రాత్రి రెండింటికి సార్, మీరు పన్నెండింటికి మెసేజ్ పెట్టారు అంది. ఏం మాట్లాడను? ఆ రోజు వాయిదా అడిగాం. మర్నాడు ఇద్దరం కూర్చుని పదకొండూ తెరిచాం. రెండు లేవు. మూడోది ఉంది, కానీ మేం రాసుకున్న మాట అందులో లేదు. నాలుగోది ఉంది, మాటా ఉంది, కానీ అది మనకి వ్యతిరేకం.

ఈ నాలుగోదాని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే. లేని కేసుని ఎవరైనా పట్టుకుంటారు, వెతికితే దొరకదు కాబట్టి. ఉన్న కేసులో లేని మాట పెడితే, తెరిచి చదివేవాళ్ళు పట్టుకుంటారు. ఉన్న కేసు, ఉన్న మాట, కానీ దాని అర్థం అది కాదు, ఇది పట్టుకోవాలంటే మొత్తం చదవాలి. మొత్తం చదివేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తమని అడగను లెండి.

ఇది యంత్రంతో మొదలైన జబ్బు కాదు. నాదే చెప్తా. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడో నాలుగో ఏడో, హెడ్‌నోట్ చూసి ఒక తీర్పు పెట్టాను. అందులో ఒక వాక్యం గట్టిగా చదివాను, ఎంత ధీమాగా చదివానో ఇప్పటికీ గుర్తుంది. జడ్జిగారు, ఆ వాక్యం ముందు పేజీలో ఎలా మొదలైందో చదవండి అన్నారు. తిప్పాను. "అప్పీలుదారు తరఫు న్యాయవాది ఇలా వాదించారు" అని ఉంది. అంటే నేను చదివింది కోర్టు చెప్పిన మాట కాదు, ఓడిపోయిన లాయర్ వాదన! ఆ వాదనని కోర్టు రెండు పేజీల తర్వాత తోసిపుచ్చింది కూడా. జడ్జిగారు ఇంకేమీ అనలేదు. కూర్చోండి అన్నారు అంతే. నా వెనక బెంచీలో మా క్లయింట్ ఉన్నాడు. ఆయనకి ఏం అర్థమైందో తెలియదు, నా వైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

హెడ్‌నోట్ అంటే ఏంటండి? రిపోర్టు వేసేవాళ్ళు మన సౌకర్యం కోసం రాసిపెట్టే సారాంశం. అది కోర్టు మాట కాదని అమెరికా సుప్రీం కోర్టు 1906లోనే ఒక కలప కంపెనీ కేసులో స్పష్టంగా చెప్పింది. నూట ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు హెడ్‌నోట్, తర్వాత సారాంశాలన్నీ పోగేసిన డైజెస్టు, తర్వాత కంప్యూటర్లో సెర్చ్ చేస్తే వచ్చే రెండు లైన్ల ముక్క, ఇప్పుడు ఇది. ప్రతి తరానికీ చదవకుండా తప్పించుకునే దారి ఒకటి దొరుకుతూనే ఉంది. తేడా ఏంటంటే, హెడ్‌నోట్ తప్పయినా దాని కింద నిజమైన తీర్పు ఉండేది, తిప్పి చూసుకునే అవకాశం ఉండేది. ఇప్పుడు కింద ఏమీ ఉండదు.

అందుకని చదవడం అంటే నేను ఏమంటున్నానో చెప్తా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. తీర్పు అసలు పాఠం తెరవండి, కోర్టు వెబ్‌సైట్లోనో రిపోర్టులోనో. ఇచ్చిన జడ్జి ఆ తేదీకి ఆ కోర్టులో ఉన్నారా చూడండి, ఇది అర నిమిషం పని. ఫ్యాక్ట్స్ చదవండి, ఎవరికీ ఎవరికీ గొడవ, దేని మీద. మీరు ఎత్తి రాసే వాక్యానికి ముందు పేరా, తర్వాత పేరా చదవండి, అది కోర్టు మాటా, వాదనా, మిగతా జడ్జిలతో విభేదించి డిసెంట్ రాసిన జడ్జి మాటా? చివర ఏం తేల్చారో చదవండి. ఆ తర్వాత పై కోర్టు దాన్ని ఉంచిందా తీసేసిందా. అంతా కలిపి మామూలు తీర్పుకి అరగంట. పదకొండు తీర్పులకి టైం లేదా? మూడే పెట్టండి. జడ్జికి మూడు చాలు, చాలాసార్లు ఒకటే చాలు. పదకొండు పెడితే మన కేసు బలంగా ఉందని ఎవరూ అనుకోరు.

ఇంకోమాట, యంత్రాన్ని యంత్రంతో చెక్ చెయ్యొద్దు. డబ్బులు కట్టి వాడే లీగల్ టూల్స్ ఉన్నాయి కదా అంటారు. అవి మామూలు వాటికంటే నయమే. కానీ స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2024లో పేరున్న లీగల్ టూల్స్‌ని పరీక్షిస్తే, టూల్‌ని బట్టి 17 నుంచి 33 శాతం జవాబుల్లో కల్పితమో, ఆధారం సరిపోనిదో వచ్చింది. ఆ తర్వాత టూల్స్ మెరుగుపడి ఉండొచ్చు. అయినా సరే ఆరింట్లో ఒకటి తప్పు చెప్పే జూనియర్ ఉంటే, వాడి డ్రాఫ్ట్ మీద మీరు చదవకుండా సంతకం పెడతారా?

క్లయింట్ రహస్యాల గురించి కూడా ఒక్క మాట చెప్పి వదిలేస్తా, అది వేరే ప్రసంగం. ఎవరికి పడితే వాళ్ళకి అందుబాటులో ఉండే టూల్‌లో క్లయింట్ కాగితాలు మొత్తం పెట్టెయ్యకండి. అవి ఎక్కడికి వెళ్తాయో, ఎన్నాళ్ళు ఉంటాయో మనకి తెలియదు. ఫీజు సంగతి కూడా. అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జూలైలో ఇచ్చిన అభిప్రాయంలో ఇవన్నీ ఉన్నాయి, గంటల లెక్కన ఫీజు తీసుకునేవాళ్ళు టూల్ మిగిల్చిన గంటలకి కూడా బిల్లు వెయ్యకూడదని సహా.

నియమాలు అంటారా, వస్తున్నాయి. టెక్సస్‌లో ఒక జడ్జి 2023 మే చివర్లోనే, ఏఐ వాడలేదనో, వాడితే మనిషి సరిచూశాడనో సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. మన దేశంలో కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా కోర్టుల కోసం పాలసీ తెచ్చింది, నిర్ణయానికి గానీ తీర్పుకి గానీ ఏఐ వాడకూడదు, వేరే పనులకి వాడితే రికార్డు ఉంచాలి అని. మంచిదే. కానీ సర్టిఫికెట్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. చదవకుండా పిటిషన్ మీద సంతకం పెట్టేవాడు చదవకుండా సర్టిఫికెట్ మీద కూడా పెడతాడు. కెనడాలో జస్టిస్ మసుహారా గారు 2024లో ఒక పిల్లల కేసులో అన్నారు, లేని తీర్పు చూపించడం కోర్టుకి అబద్ధం చెప్పడంతో సమానమని. దానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేకపోయింది. ఆ లాయర్ సొంత డబ్బుతో అవతలివాళ్ళ ఖర్చులు కొంత కట్టుకోవాల్సి వచ్చింది. పాత బాధ్యతే చాలు, దాన్ని గట్టిగా అమలు చేస్తే.

ఇక ఒక్కటి చెప్పి మీ ప్రశ్నలకి వస్తా. లాయర్లు లేనివాళ్ళ సంగతి. షార్లొటాన్ జాబితాలో పెద్ద వాటా సొంతంగా వాదించుకునేవాళ్ళదే. ఫీజు కట్టుకోలేరు, కోర్టు భాష అర్థం కాదు, అడిగితే ఓపికగా జవాబు చెప్పేది ఆ ఫోన్ ఒక్కటే. నిజం చెప్పండి, మనలో ఎంతమంది అంత ఓపికగా చెప్తాం? వాళ్ళనీ మననీ ఒకే కాటాలో పెట్టి తూయడం నాకు ఇష్టం లేదు.

2023 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో టాక్స్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ఒకటుంది. ఒకావిడ ఆస్తి అమ్మింది, టాక్స్ సంగతి తెలియజెయ్యలేదు, పెనాల్టీ పడింది. లాయర్ లేదు. తనలాంటి వాళ్ళకి పెనాల్టీ తీసేసిన కేసులని తొమ్మిది కేసుల సారాంశాలు పట్టుకొచ్చింది. సొలిసిటర్, అంటే అక్కడి లాయర్, ఆఫీసులో ఉన్న ఒక ఫ్రెండ్ ఇచ్చారు అంది. తొమ్మిదీ లేనివే. వాటిలో ఆరింట్లో ఒక ఇంగ్లిష్ మాట అమెరికా స్పెల్లింగ్‌తో ఉందని, ఇంగ్లండ్ ట్రిబ్యునల్ అలా రాయదని కూడా గమనించారు. చూడండి, చదవడం అంటే అది. ఆవిడకి ఇవి కల్పితాలని తెలియదని ట్రిబ్యునల్ నమ్మింది, ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. కేసు మాత్రం ఆవిడ ఓడిపోయింది.

ఆ విచారణలో ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. నావి నిజమైనవి కాదంటున్నారు సరే, మరి టాక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన కేసులు నిజమైనవని మీరెలా అనుకుంటున్నారు? ఎంత న్యాయమైన ప్రశ్న! ట్రిబ్యునల్ దానికి విసుక్కోలేదు, జవాబు చెప్పింది. వాళ్ళు సారాంశాలు ఇవ్వలేదమ్మా, ప్రతి తీర్పూ మొత్తం కాపీ ఇచ్చారు, పైగా అవన్నీ ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకునే వెబ్‌సైట్లలో ఉన్నాయి అని. అలాంటి వెబ్‌సైట్లు ఉన్నాయని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

సరే, ఇక అడగండి. ముందు వెనక వరస వాళ్ళు.